శివారు వోల్టులు

పంటు దిగి, వైరు చుట్టలు భుజాన వేసుకుని
మోకాటి బురదలో మోషే గారు ముందు, నేను వెనక.
కాకులలంకకి కరెంటు స్తంభం రాలేదు.
ఏటా ఒడ్డు కోసుకుపోయే చోట
పాతమని ఎవరడుగుతారు?

నూకరాజుకి రెండెకరాల రొయ్యల చెరువు.
గట్టు మీద పన్నెండు పలకలు,
పాకలో ఎనిమిది బ్యాటరీలు, గోడకి ఇన్వర్టరు,
ముసురు పట్టిన వారానికి
కొబ్బరిచెట్ల అవతల ఓ డీజిలు జనరేటరు.
దూరంగానే పెట్టించుకున్నాడు,
ఆ చప్పుడుకి చంటిది పడుకోదని.

బ్యాటరీ నుంచి ఇన్వర్టరుకి మోషే గారే లాగారు:
బొటనవేలంత రాగి, మూరెడు దూరం.
"నలభై ఎనిమిది వోల్టులురా, నీరసం మనిషి.
బరువంతా ఆంపులే మొయ్యాలి.
దారి వెడల్పుండాలి, ఇల్లు దగ్గరుండాలి."

జనరేటరు వైపు లెక్క నాది.
ఐటీఐలో ఫస్టు వచ్చినవాణ్ణి, నాది కాక ఇంకెవరిది?
ఏరేటర్లు రెండు, బల్బులు ఐదు, ఒక ఫ్యాను,
కలిపితే పది ఆంపులు.
పదికి రెండున్నర వైరు చాలు, దర్జాగా చాలు.
మిగిలిన పదిహేను మీటర్లు కొయ్యడమెందుకని
గుండ్రంగా చుట్టి, ముచ్చటగా,
మేకుకి తగిలించాను.
బ్రేకరు మాత్రం ముప్పైరెండుది వేశాను.
కొట్లో అదే ఉంది.

శ్రావణంలో అల్పపీడనం.
నాలుగు రోజులు పలకలు కళ్ళు తెరవలేదు.
నాలుగో రాత్రి రెండింటికి ఫోను:
"రొయ్య తేలతందండీ. ఏరేటరు తిరుగుతంది గానీ
తిరగనట్టు తిరుగుతంది."
ఆ తర్వాత ఫోను అందలేదు.

తెల్లారి మొదటి పడవకి వెళ్ళాం.
నూకరాజు, అతని పెళ్ళాం లోవతల్లి
నడుములోతు నీళ్ళలో ఇంకా నిలబడే ఉన్నారు,
చేతుల్లో కొబ్బరిమట్టలు.
మూడు గంటలు చెరువుని కొడుతూనే ఉన్నారట,
నీళ్ళలోకి కాస్త గాలి పోవాలని.

మేకు దగ్గర నా చుట్ట
పాకం ముదిరిన బెల్లంలా ఒకటే ముద్ద.
ఎరుపేదో నలుపేదో తెలీదు.
గోడంతా మసి.

మోషే గారు తిట్టలేదు. మెట్ట మీద కూచుని
బీడీ తీశారు, ముట్టించలేదు.
"జనరేటరు వడ్డిస్తుంటే తినేది చెరువొక్కటేనా?
నాలుగు రోజుల ఆకలితో
బ్యాటరీ కూడా విస్తరి ముందు కూచుంటాది.
దాని వాటా పదహారు. పదీ పదహారూ?"
"ఇరవయ్యారు."
"వైరెంత?"
"ఎనభై మీటర్లు."
"పోడానికి ఎనభై. రావద్దా?"

నూట అరవై.
సన్నటి రాగి మీద నూట అరవై మీటర్ల నడక.
ఇరవైతొమ్మిది వోల్టులు దారిలోనే కాలిపోయాయి.
చుట్టలో పడ్డ వేడి బయటికి పోలేక
తన తోలు తనే తింది.
ముప్పైరెండు బ్రేకరు చూస్తూ ఊరుకుంది.
దాని తప్పేముంది, దాన్నెవరు కూర్చోబెట్టారు?

నూకరాజు తలగుడ్డ పిండుకుంటూ అన్నాడు:
"నాకు తెలుసండీ ఇది. మా నాన్నది శివారు భూమి.
హెడ్డు కాడ కాలువ నిండా ఉంటాది.
మా బోదెలోకొచ్చేతలికి
కప్ప కూడా తడవదు."

ఆ మాట ఏ పుస్తకంలోనూ లేదు.

రాజోలు నించి పది వైరు తెచ్చాం.
డబ్బు సగం మోషే గారిది,
సగం నా మూడు నెలల కూలి.
ఎన్ని రొయ్యలు పోయాయో నూకరాజు చెప్పలేదు,
నేనడగలేదు.
వంపు లేకుండా లాగి, మిగిలింది కోసేసి,
కొసలు బిగించి, ఉప్పుగాలి తగలకుండా టేపు చుట్టాను.
బ్రేకరు అదే ఉంచాం. ఇప్పుడది సరిపోతుంది.

లోవతల్లి టీ ఇచ్చింది,
అరచేతికీ గ్లాసుకీ మధ్య పైటకొంగు పెట్టుకుని.
వేడికనుకున్నాను.
గ్లాసు అందుకునేటప్పుడు చూశాను బొబ్బలు.

నూకరాజు తాడు లాగాడు. డబడబమని జనరేటరు.
పాకలో చంటిది లేచి రాగం అందుకుంది.
బ్యాటరీ తింటోంది, చెరువు తింటోంది.
నేను మీటరు ముందు నిలబడ్డాను:
రెండువందల ఇరవైరెండు,
ఒక్కోసారి మూడు.