బాకీ పుస్తకం

మస్టర్లో ఏలియా పేరు లేదు.
ఆ మనిషెవరో తెలీదంది క్వారీ ఆఫీసు.
ఎక్స్‌రే ఉంది గానీ
ఆ తెల్లమచ్చలు ఏ గుంటవో అది చెప్పదు.
ఆస్పత్రి చీటీ మీద టీబీ.

చీమకుర్తిలో మూడ్రోజులు తిరిగాను.
తోటి డ్రిల్లరు పేరయ్య మాట్లాడబోయి
దగ్గి, చెయ్యి అడ్డంగా ఊపాడు.

నాలుగో రోజు మార్తమ్మ
శెట్టి కొట్లోంచి పట్టుకొచ్చింది
నూనె మరకల బాకీ పుస్తకం.

"ఏలియా, మూడో గుంట. బీడీలు, సబ్బు,
దుమ్ముకి బెల్లం పావు. పదిన బట్వాడా."

పదకొండేళ్ళు. ప్రతి నెలా పదినే జమ.
పావు బెల్లం అరకిలో అయింది,
అరకిలో కిలో.
తర్వాత బీడీలు లేవు.
తర్వాత వేలిముద్ర మార్తమ్మది.

జెరాక్సు తీయిస్తుంటే శెట్టి గొణిగాడు:
"ఆఖరి పేజీ ఎందుకులెండి."
దాన్లో ఇంకా నూట నలభై బాకీ.

అదీ తీయించాను.