ఈ శుక్రవారం ఎన్ని గ్రాములు

బల్లార్షాల పేపర్ మిల్లు వాసనకు
మూడొద్దుల్లనే ముక్కు అలవాటు పడతదంటరు.
ఇరవై రెండేండ్లాయె. నాకింకా వస్తనే ఉంది:
ఉడికిన వెదురు, తడిసిన సున్నం,
ఎవలో అలమార్ల మరిచిపోయిన కోడిగుడ్డు.

నా కొలువు కాగితానికి తప్పులు వెతుకుడు.
వెలుతురుకు పట్టి చూస్త, చింపి చూస్త, జోకి చూస్త.
పాసైంది లారీ ఎక్కుతది.
ఫెయిలైంది మళ్ల గుజ్జు తొట్టిలకే పోతది,
తెల్లారేసరికి మళ్ల కాగితమైతది.
అట్ల పుట్టి పుట్టి
ఒక్క అక్షరం మొకం చూడనివి ఎన్నున్నయో.

తప్పిపోయిన వాటిల కొన్ని ఇంటికి తెచ్చుకుంట,
ఇంచార్జికి చెప్పే.
వాటి మీద నవల రాస్తున్న. మొదటిది.
రాస్తున్న అంటే,
దసరాకు ముందు రాస్తుంటి.

పద్నాలుగో అధ్యాయం చివర పోసక్క
స్టేషన్ల నాలుగో నంబర్ మీద
ఒక కాలు బండి మెట్టు మీద, ఒక కాలు నేల మీద
పెట్టి నిలబడ్డది.
దసరా పాయె, దీపావళి పాయె,
డ్రైవర్లు మారి ఎన్ని బండ్లు సాగిపోయినయో,
ఆ ఒక్క బండి కదల్లే.
రాత్రి పండుకుంటే
ఆమె పిక్క నొస్తున్నది నాకు.

వాంఖడేకు తెలుగు రాదు.
ల్యాబుల నా పక్క కుర్చీ ఆయనది,
డబ్బాల రెండు భాకరీలు, చిటికెడు ఠేచా.
"నీ కాగితాలు తే" అన్నడు ఒక శుక్రవారం.
కట్టను తక్కెడ మీద పెట్టి, ఫ్యాన్ బంజేసి,
"సహాశే ఏక్" అని గోడ క్యాలెండర్ మీద రాసిండు.
"వచ్చే శుక్రవారం మళ్ల జోకుత. పెరగాలె."

నవ్వొచ్చింది నాకు.
కథను జోకుతరా ఎవలన్న, బీరకాయల లెక్క?

కాని శుక్రవారం ఊకుంటదా, వస్తనే ఉంటది.
మొదటి వారం పదిహేడున్నర. తర్వాత తొమ్మిది.
ఆ మీద ఇరవై ఆరు.
సుగంధ చెల్లె సీమంతానికి పోయిన వారమది.
బండిని మాత్రం కదపలే.
ప్లాట్‌ఫారం మీద పల్లీలమ్మేటోని చిన్నతనం రాసిన,
వాని మేనమామ అప్పులు రాసిన.

ఒక వారం అది గూడ రాలే.
తెల్లకాగితాలు ఐదు
కట్ట నడుమ పెట్టుకొని పోయిన.

"ఇరవై రెండు" అన్నడు వాంఖడే.
పెన్ను తీసిండు. ఆగిండు.
కాగితాలు బోర్లేసి
చీకట్ల స్విచ్చి వెతికినట్టు వేలితోని తడిమిండు.
నాది బరువు చెయ్యి,
రాస్తే అక్షరం వెనకకు తేలుతది.
ఒకటొకటే తడుముకుంట పోయి
నున్నటివి ఐదు పక్కకు తీసిండు.
ఏమనలే. గుజ్జుకు పోయే డబ్బాల ఏసిండు.
క్యాలెండర్ మీద సున్నా చుట్టిండు,
దాని చుట్టు ఇంకో సున్నా.

ఆ రాత్రి వంటింట్ల కూసున్న.
ఏ సరస్వతీ రాలే. శుక్రవారం ఉండె, అంతే.
"ఎక్కుతవా, దిగుతవా?" అని అడిగిన పోసక్కను.
"నన్నడుగుతున్నవా?
మూడు నెలల సంది నిలబెట్టి!" అన్నది.
"సీటు దొరుకుతదా, ముందు అది చెప్పు."
దొరకలే. అదే రాసిన.
తలుపు కాడ తన మూట మీదనే కూసున్నది.
వార్ధా వంతెన మీద బండి దడదడలాడింది.
మా అలమార్ల గిన్నెలు గూడ,
అవి నిజం బండికి.

శుక్రవారం
నాలుగున్నరకు వెంట్రుకవాసి తక్కువ.
ఒక్కటే కాగితం.
వాంఖడే బోర్లేసి తడిమిండు.
ఒక జాగల వేలు ఆగింది.
"ఇక్కడ మస్తు ఒత్తినవ్. ఏముంది?"
"బండి కదిలింది."
"ఎక్కడ దిగుతది?"

నాకు గూడ తెల్వదు.
సిరాంటిన చెయ్యి జేబుల పెట్టుకొని
"వచ్చే వారం జోకుదువు తియ్యి" అన్న.