సొట్టలు

అమ్మ పోయాక మనం పంచుకోనిది ఒక్కటే, అక్కా,
ఆ సత్తు గిన్నె.
వాల్పరైసో కొండ మీద రేకుల ఇంట్లో
ఆదివారాలు చిక్కుడుగింజలు ఉడికిన గిన్నె.

డెబ్బై ఒకటి డిసెంబరులో దాన్ని సంకనెట్టుకుని
శాంతియాగో బస్సెక్కింది నువ్వే.
మాంసం లేదు, నూనె లేదు, ఈ ప్రభుత్వం మాకొద్దని
చెక్క గరిటె విరిగితే ఇనప గరిటెతో కొట్టావట.
ఖాళీ గిన్నె, ఖాళీ గిన్నె అని అరిచారట అందరూ.
ఆ పొద్దున అందులో రాత్రి మిగిలిన పులుసుంది.
వేరేదాన్లోకి వొంపి, తోమి, తుడిచి
నీ చేతికిచ్చింది నేను.
అప్పటికింకా మనం అక్కాచెల్లెళ్లమే.

రెండేళ్లకి, సెప్టెంబరులో,
నువ్వు కిటికీకి జెండా కట్టావు.
అదే వారం రేవులో నిలిచిన ఓడలోకి
మా ఎలియోదోరోని ఎక్కించారు.
ఓడ ఎటూ కదల్లేదు. మనిషి తిరిగి రాలేదు.
"తప్పు చెయ్యనివాణ్ణి ఎవరేం చేస్తారే" అన్నావు
తలుపు గొలుసు తియ్యకుండా, ఆ సందులోంచే.
నీ వేళ్లకి పిండి అంటుకుని ఉంది.
నువ్వన్న మిగతా మాటలు మర్చిపోయాను కానీ
ఆ పిండి మర్చిపోలేదు.

ఎనభై మూడు, మే నెల, రాత్రి ఎనిమిది.
దీపాలార్పుకుని కొండలన్నీ మోగడం మొదలెట్టాయి.
నా చేతికి తగిలింది ఆ గిన్నే.
చీకట్లో కొడుతుంటే గరిటె జారి జారి
ఒకే చోటికి పోతోంది,
నీ సొట్టలోకి.
పక్కకి తిప్పినా మళ్లీ అక్కడికే.
నీ కోపం తవ్విన గుంటలో
నా కోపం సరిగ్గా పట్టింది.
ఇది ఎవరికీ చెప్పలేదు.
మా కమిటీలో అయితే అస్సలు.

మొన్న చిల్లు పడింది.
బొట్టుబొట్టుగా కారి పొయ్యి ఆర్పేస్తోంది.
మాట్లేసే అర్తేమియో తాత
వెలుగుకెత్తి చూసి
"ఇంత కసిగా ఒక్కచోటే ఎవరు కొట్టారమ్మా?" అన్నాడు.
ఇద్దరం, అన్నాను.
"చిల్లు మాత్రం ఎవరిది తాతా?"
"అది చెప్పడానికి వేరే కూలీ" అన్నాడు.

గిన్నెకి మాటు పడింది.
నిన్న నీకు ఫోన్ చేశాను.
నీ ఊపిరి వినిపించింది, వెనక ఏదో కాగుతున్న చప్పుడు.
ఇన్నేళ్లు దాచుకున్న మాట
నాలిక చివరిదాకా వచ్చి
వేరేదైపోయింది:
"చిక్కుడుగింజల్లో అమ్మ జీలకర్ర వేసేది కదూ?"
చాలాసేపు ఏమీ లేదు.
"ఓరెగానో" అన్నావు. "జీలకర్ర నీ భ్రమ."
పెట్టేశావు.

జీలకర్రే.
నాకు బాగా గుర్తు.