పద్దెనిమిది శాతం బూడిద

ఆదివారం పదింటిదాకా స్టూడియోకి తాళం.
పళ్లికరణై చిత్తడి అంచున స్కూటీ ఆపుతాను.
ఒక పక్క అద్దాల ఆఫీసులు,
ఒక పక్క పెరుంగుడి చెత్తకొండ,
నడుమ నీళ్లు, తుంగ,
ఎవరి అడ్రసు ప్రూఫూ అడగని పిట్టలు.

వారమంతా నా పని వేరు.
తెల్లగుడ్డ ముందు స్టూలు.
గడ్డం కొంచెం పైకి. చెవులు కనబడాలి. నవ్వొద్దు.
ఆరు కాపీలు, ఎనభై రూపాయలు.
అక్కడ వెలుగు నా మాట వింటుంది,
గొడుగు ఎటు తిప్పితే అటు పడుతుంది.

ఇక్కడ వెలుగుకి నేనెవరో తెలీదు.

ఆరున్నరకి చెత్తపొగా మార్గళి మంచూ కలిసి
కుడితి రంగు ఆకాశం.
ఏడుకి సూర్యుడు నేరుగా లెన్సులోకి.
ఎనిమిదయ్యేసరికి
గంజి పెట్టి ఆరేసిన పంచెలా కళ్లు పొడిచే తెలుపు,
దాని మీద ఎగిరే ప్రతి పిట్టా ఒక సిరా మరక.
గూడబాతులు దిగుతున్నాయి.
మా సూళ్లూరుపేట వైపు గూళ్లు పెట్టేవి ఇవే కాబోలు,
అక్కడున్న పందొమ్మిదేళ్లూ
తలెత్తి చూసిన పాపాన పోలేదు.

దేవసహాయం గారు హార్బరులో క్రేను నడిపి రిటైరైన మనిషి.
ఆయన తమిళంలో చెప్పింది
నాకు తెలుగులోనే గుర్తుండిపోయింది:
"కెమెరా పిరికిదమ్మా.
లోకమంతా బూడిద రంగేననుకుంటుంది.
ఫ్రేము నిండా తెల్లకొంగను చూపించు, మసి చేస్తుంది.
నీటికాకిని చూపించు, వెలవెలబోయేట్టు చేస్తుంది.
పద్దెనిమిది శాతం బూడిద, అంతే దానికి తెలిసింది.
తెలుపుకి వెలుగు పెంచు.
నలుపుకి తగ్గించు."

నలుపుకి తగ్గించడమా?
పధ్నాలుగేళ్లుగా నేను చేస్తున్నది
సరిగ్గా దీనికి తలకిందులు.

తొమ్మిదింటికి, పిట్టల కెమెరాలన్నీ సంచుల్లోకి వెళ్లే వేళ,
సగం మునిగిన లారీ టైరు మీద
ఒక నీటికాకి రెక్కలు ఆరేసుకుంది,
కరెంటాఫీసు ముందు క్యూలో నిలబడ్డంత ఓపిగ్గా.
చక్రం ఒక మెట్టు కిందికి తిప్పాను.
ఇంకొకటి.
నీళ్లు చీకటైపోయాయి, టైరు కనబడకుండా పోయింది,
ఆ నలుపు మాత్రం
లోపలినుంచి తెరుచుకుంది:
వీపు మీద పొలుసు పొలుసుగా కంచు,
మెడ దగ్గర ఎక్కడిదో నీలం,
ఒక పచ్చని కన్ను
నన్ను లెక్కలోకి తీసుకోకుండా.

అప్పుడు గుర్తొచ్చింది గురువారం.

ఎళిలరసి, పన్నెండో క్లాసు, పరీక్ష ఫారానికి ఫోటో.
వాళ్లమ్మ నా కుర్చీ వెనక వంగి
"కొంచెం కలరు తెప్పించండక్కా" అంది.
అడగక్కర్లేదు, నా వేలు అప్పటికే మౌసు మీదుంది.
ఎడమనుంచి కుడికి,
ఎన్ని ముఖాలు జరిపానో ఆ గీత మీద.
పిల్ల తెర వైపు చూడలేదు.
స్టూలు మీద ఎలా కూచుందో అలాగే,
గడ్డం కొంచెం పైకి.

దేవసహాయం గారికి ఫోటో చూపిస్తే
జూమ్ చేసి పెదవి విరిచారు.
"గాలికి చెయ్యి కదిలింది. కన్ను షార్పుగా లేదు."
నిజమే.
"నలుపు మాత్రం నలుపులా ఉంది" అని
టీ గ్లాసు నాకందించారు.

పదీ పదికి షట్టరెత్తాను.
గురువారం ఫైలు ఇంకా ఉంది, ముట్టుకోనిది.
చెంప మీద మొటిమ మచ్చ,
నుదుటి దగ్గర నూనె మెరుపు,
కంచు.
ఆరు కాపీలు తీసి కవరులో పెట్టాను.
పేరు రాసి డ్రాయర్లో వేశాను.
ఫారం ఈపాటికి వెళ్లిపోయే ఉంటుంది.
వాళ్లు మళ్లీ ఎందుకొస్తారు?

తలుపు దగ్గర ఎవరో చెప్పులు విడిచారు.
పెళ్లి సంబంధాలకట, నిన్ననే గీసిన గడ్డం.
స్టూలు మీద సర్దుకుని కూచుని
"మేడం, కొంచెం కలరు..." అన్నాడు.

గడ్డం కొంచెం పైకి, అన్నాను.