రెండున్నర గజాలు

ఆదివారం మళ్ళీ ఓడిపోయి
మత్తికెరె దర్శినిలో రెండు బై-టూ కాఫీల చుట్టూ నిలబడి
క్లబ్బులో మిగిలిన నలభై రెండు వేలు
ఎవరి మీద పెట్టాలో తేల్చుకుంటున్నాం.

కాలితో తన్నే ఫుట్‌బాల్ కాదు మాది.
గుడ్డు ఆకారం బంతి, తలకు హెల్మెట్టు,
భుజాల మీద గంపలంత ప్యాడ్లు.
జాలహళ్ళి గ్రౌండులో వాకింగుకొచ్చే ముసలాయన
మూడేళ్ళుగా రగ్బీ అనే అంటున్నాడు.
మేమూ దిద్దడం మానేశాం.

లెక్కలు చూసే శ్రీవత్స ఫోను తెరిచాడు.
చిరంత్ బంతి పట్టుకుని ఉరికిన ప్రతిసారీ
సగటున రెండున్నర గజాలు.
"లుంగీకి చాలు. మ్యాచ్‌కి చాలదు.
హైదరాబాదులో ఒక కుర్రాడున్నాడు,
నూరు మీటర్లు పదకొండు సెకన్లు.
బస్సు, బస, బూట్లు మనవి. తెచ్చేద్దాం."

చిరంత్ గ్లాసులోకి చూస్తున్నాడు.
కాఫీ ఎప్పుడో అయిపోయింది.

నాది నడిమి చోటు.
వంగి, కాళ్ళ సందులోంచి బంతిని వెనక్కి అందిస్తాను.
ఆట నా చేతుల్లో మొదలౌతుంది,
ఆ తర్వాత నాకు కనపడేది
ఎదుటివాడి మెడ మీది చెమటే.
మూడేళ్ళలో చిరంత్ పరుగు ఒక్కసారీ చూడలేదు.
వీపుతో విన్నాను.

నా ఎడమన ఓబులేసు. చర్చి స్ట్రీట్‌లో పబ్బు గుమ్మం దగ్గర
రాత్రి రెండు దాకా నిలబడి
ఆరింటికల్లా గ్రౌండుకొచ్చేస్తాడు.
వాడి అవతల నీళ్ళ ట్యాంకరు మునిరత్నం.
కుడిపక్క జోసెఫ్, మోకాలికి బెల్టు.
ఆ చివర కేదార్, కొత్తోడు,
బరువుంది, ఎటు వాలాలో ఇంకా తెలీదు.

పీణ్యలో నేను లారీల క్లచ్‌లు విప్పుతాను.
గట్టెక్కలేని బండిని తోలుకొచ్చి
ఇంజను మార్చమంటారు ఓనర్లు.
పదింటిలో ఏడు బళ్ళకి ఇంజను పులిలా ఉంటుంది,
ప్లేటు అరిగి ఆ బలం చక్రం దాకా పోదు.
చెబితే నమ్మరు.
బానెట్ ఎత్తితే ఇంజనే గదా కనపడేది.

ఈ మాట నాలిక చివరిదాకా వచ్చి
అక్కడే ఆగింది.
చిరంత్ తప్పు లేదంటే
తప్పు మా అయిదుగురిది.
అందులో మొదటి వేలు నాది.
నలభై దాటిన నడుము,
ఓబులేసు నిద్ర, జోసెఫ్ మోకాలు:
ఇవన్నీ ఈ టేబుల్ మీద,
చట్నీ గిన్నెల మధ్య, ఎట్లా పరవను?

"నన్నే మార్చేయండి" అన్నాడు చిరంత్,
బిల్లు ఎవరు కడతారన్నంత మామూలుగా.

అప్పుడు చెప్పాను.
"ఇంజను బాగానే ఉంది. అరిగింది మేము."

కాసేపు ఎవరూ మాట్లాడలేదు.
దోసె పెనం మీద నీళ్ళు చల్లిన చప్పుడు.
ఓబులేసే ముందు నవ్వాడు:
"నన్ను ఆదివారాలు పగటి డ్యూటీకి మార్పించండ్రా,
అప్పుడు చూడండి నా తడాఖా."

డబ్బులు ఇంకా శ్రీవత్స దగ్గరే ఉన్నాయి.
హైదరాబాదు కుర్రాడి నంబరూ ఉంది, చెరపలేదు.
నేను మాత్రం షెడ్డులో రెండు రాత్రులు కూర్చుని
పాత ఛాసిస్ ముక్కలు అతికి,
చిరిగిన లారీ సీటు ఫోము చుట్టి
తోసే బండొకటి చేశాను.
చక్రాల్లేవు. ఉంటే ఇంకేం తోసినట్టు?

శనివారం పొద్దున్న మంచు ఇంకా విడవలేదు.
బండి మీద బరువుకి ఇసుక మూటలు దొరక్క
చిరంత్ ఎక్కి కూర్చున్నాడు.
అయిదుగురం భుజాలు ఆనించాం.
"తళ్ళి అణ్ణా, తళ్ళి!" అని అరుస్తున్నాడు వాడు,
బురదలో ఇనుము కదిలీ కదలక కిర్రుమంటోంది,
మునిరత్నం ఎవర్నో బూతులు తిడుతున్నాడు,
నేను తల ఎత్తాను.

వాడి ముందు పన్ను కొంచెం విరిగి ఉంది.
ఇన్నాళ్ళూ నాకు తెలీదు.