మెడ వద్దు

వాల్దీవియాలో వాన పడని రోజుల్ని
వేళ్ళ మీద లెక్కపెట్టచ్చు.
అలాంటి ఒక పొడి మంగళవారం
నా దుకాణం మెట్లెక్కాడు ఎవరిస్తో.
వెనకే ఒక కుక్క, తడి బూడిద రంగు,
ఒక చెవి నిక్కపొడిచి, ఒక చెవి వాలిపోయి,
మెడలో ఏ చేపల వల నుంచో కోసిన నైలాను తాడు.

ఆయన గొంతు మీద గుడ్డ. గుడ్డ కింద రంధ్రం.
ఇరవై ఆరేళ్ళు పడవల రేవులో
"ఆఖరి ట్రిప్పు, ఆఖరి ట్రిప్పు" అని అరిచిన గొంతును
ఆసుపత్రి వాళ్ళు కోసి తీసేశారు.
జేబులోంచి పుస్తకం తీసి రాశాడు:
చేపల బజారులో సముద్ర సింహాల మీదికి ఉరుకుతోంది.
పిలవలేను.

నేను వ్యాపారిని.
మా నాన్న నాటి నుంచీ గోడకు వేలాడుతున్న
ఇనప గొలుసే ముందు అందుకున్నాను.
లాగితే బిగుస్తుంది, వదిలితే జారుతుంది.
దెబ్బకి దెయ్యమైనా దిగొస్తుందనేవాడు మా నాన్న.
పదకొండు వేటకుక్కల్ని అట్లాగే దారికి తెచ్చాడు.
వాటిలో ఒక్కటీ ఆయన ఒళ్ళో తల పెట్టగా
నేను చూడలేదు.

గొలుసు గల్లుమంది.
కుక్క దాణా బస్తాల వెనక్కి దూరింది.
నేల మీద సన్నటి తడి గీత.

ఎవరిస్తో గొలుసును అరచేతిలో తూచి చూశాడు.
రెండో చేత్తో తన గొంతు మీది గుడ్డను తడిమాడు.
తిరిగి ఇచ్చేశాడు.
మెడ వద్దు, అని రాసి
కింద రెండు గీతలు గీశాడు.

సరే, ఈల ఇచ్చాను.
పెదాల దగ్గర పెట్టుకుని నవ్వాడు, చప్పుడు లేకుండా.
ఆయన ఊపిరి వచ్చేది నోట్లోంచి కాదు కదా!
నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.
మాట్లాడించే యంత్రం ఒకటుంది ఆయన దగ్గర,
గొంతుకు ఆనిస్తే
డబ్బాలో చిక్కిన తుమ్మెదలా పలుకుతుంది.
దానికి ఈ కుక్క పళ్ళు చూపిస్తుందట.

చివరికి సొరుగు అడుగున దొరికింది
టిక్కుమనే చిన్న ప్లాస్టిక్ డబ్బీ.
ఆ టిక్కుకూ ఉలిక్కిపడిందది.
నా ఉన్ని చేతితొడుగులో చుట్టి నొక్కాను, ఈసారి మెత్తగా,
పొగబెట్టిన చేప ముక్క విసిరాను.
టిక్కంటే ముక్క. ఇంకే శాస్త్రమూ లేదు.
బస్తాల వెనక నుంచి ముందు ముక్కు వచ్చింది,
చాలాసేపటికి మిగతా కుక్క.

డబ్బీ, పది మీటర్ల తాడు, ఎండు చేప పొట్లం.
చేతితొడుగుకి డబ్బు తీసుకోలేదు.
మాట లేని మనిషితో బేరం తొందరగా తెగుతుంది.

తర్వాత అంతా వాన.
అద్దంలోంచి చూసేదాన్ని, నది గట్టు మీద వాళ్ళిద్దర్నీ.
సముద్ర సింహాలకి ఏడు దీపస్తంభాల దూరంలో మొదలు.
వారానికి ఒక స్తంభం ముందుకి,
కొన్ని వారాలు రెండు వెనక్కి.
ఒకరోజు అరచేతులు చెక్కుకుపోయి,
మోకాళ్ళ దాకా బురదతో వచ్చాడు.
గోడ మీది గొలుసు వంక చాలాసేపు చూశాడు.
నిజం చెప్తున్నాను, నా చెయ్యి సగం దాకా లేచింది.
చేప పొట్లం తీసుకుని వెళ్ళిపోయాడు.

ఆగస్టులో టీకా కాగితం మీద చూశాను దాని పేరు:
నియెబ్లా. పొగమంచని అర్థం.
"నియెబ్లా!" అని గట్టిగా పిలిచాను.
చెవి కూడా కదల్లేదు.
గుమ్మం దగ్గర ఎవరిస్తో
తడిసిన కోటు మీద తొడని రెండుసార్లు తట్టాడు.
బయట ఒక సముద్ర సింహం బొబ్బరిస్తూనే ఉంది.
అది ఆ వైపు ఒకసారి చూసి
వచ్చి ఆయన బూటు మీద కూర్చుంది.
దాని పేరు ఆ రెండు చప్పుళ్ళేనని
నాకెవరూ చెప్పలేదు.

గొలుసు మాటంటారా?
నిన్న ఎవరో అడిగితే అమ్మేశాను.
చిల్లర లెక్కపెడుతూ లెక్కపెడుతూ
ఎందుకో ఒక చెయ్యి
నా గొంతు దగ్గరికి పోయింది.