ఎండ్రకాయ బొరియ

అంబాజీపేట నూకరత్నం, పీచుతాళ్లు పేనే మనిషి,
గొంతుగడ్డకి కరెంటు పెట్టించుకోడానికొచ్చింది.
"పిడుగు లాంటిదేనా బాబూ?"

పిడుగు కాదమ్మా,
పిడుగు నీ ఒంటి నీళ్లలోనే చిట్లిపోతుంది.
చిట్లిన ఎలక్ట్రాన్ రవ్వలు
నీటిని గుద్దుకుని గుద్దుకుని
సత్తువంతా పోయాక
జంటపురి తాడు మీద
రెప్పపాటుకి అందనంత సేపు వాలతాయి.
అంతే. పురి తెగుతుంది.

"నిజమే," అంది. "గోదారి ఎర్రగా పొంగినప్పుడు
మా ఏటిగట్టు ఇసుమంతైనా కదల్లేదు.
నీరు తీశాక, ఎండ్రకాయ బొరియలో ఊటకి
తెల్లారేసరికి గండి."

మాస్కు బిగిస్తుంటే మళ్లీ అడిగింది:
"మంచి పురి తెగదా?"

తెగుతుందన్నాను.
నీళ్లు కొన్నిటినే ఆపుతాయి.

అరచేతులు తెరిచి చూసుకుంది.
పీచు కోసిన గీతలు, వాటి మీద కొత్త తోలు.
"తెగింది పేనుకోడం నాకు తెలుసులే,
మీట నొక్కు."